వెన్నులోకి దిగిన జ్వరం

మా వంశంలో మగవాళ్ళు గోడకు చేరగిలబడరు. దివాణం పోయింది, భూములు పోయాయి, మిగిలిన గదులకు పైన రేకులు వేశాం. నిటారుగా కూర్చోవడం మాత్రం పోలేదు. అందుకే నడుము నొప్పి మొదలైనా ఎవరికీ తెలియనివ్వలేదు. సాయంత్రమయ్యేసరికి జ్వరం వచ్చేది, బనీను చెమటతో తడిసిపోయేది. పొద్దుటికి మామూలే. చివరికి ఒకరోజు నెల్లిమర్లలో బస్సు ఎక్కబోతే ఎడమకాలు మెట్టు మీదికి లేవలేదు.

నా భార్య తమ్ముడు ఆటోలో విజయనగరం తీసుకెళ్ళాడు. స్కానింగ్ చూసిన డాక్టరు రెండు పూసల మధ్య చీము చేరిందన్నారు. టీబీ కావచ్చు, పశువుల నుంచి అంటిన జబ్బు కావచ్చు. దేని మందులు దానివే. చీము వెన్నుపాము మీద ఒత్తితే కాళ్ళు పడిపోవచ్చు.

"పశువుల పని చేస్తారా?" అని అడిగారు.

"మా ఇంట్లో ఆ పని పాలేరు చూసుకుంటాడు" అన్నాను. మా నాన్నగారు ఎవరడిగినా ఇదే చెప్పేవారు.

బావమరిది నవ్వాపుకోలేదు. "ఏ పాలేరు బావా? ఆడు సెన్నై ఎలిపోయి ఎన్నాళ్ళయినాది? మొన్న ఆవు ఈసుకుపోతే సచ్చిన దూడని సేత్తో లాగింది నువ్వే కదేటి?"

"నువ్వు ఊరుకో."

"నానూరుకుంటే నీ కాలు ఊరుకుంటాదా? డాక్టరుగారూ, ఈళ్ళు పాలు కూడా కాసుకోరండి. పొదుగు కాడ సెంబు పట్టుకుని నిలబడే తాగాల. కాసిన పాలు రోగిష్టోళ్ళకంట."

అది నిజమే. పితికిన వేడి ఆరకముందే గుమ్మపాలు తాగడం మా ఇంటి ఆనవాయితీ. ఉన్న ఒక్క ఆవూ నెలలు నిండకుండా దూడను పడేసినా ఆ ఆనవాయితీ మానలేదు.

డాక్టరు నవ్వలేదు. పశువులు అలా ఈసుకుపోయే ఈసుడు రోగం పచ్చిపాల వల్ల, చచ్చిన దూడను ముట్టుకోవడం వల్ల మనుషులకూ వస్తుందని చెప్పి రక్తపరీక్ష రాశారు. అదే తేలింది. నెలల తరబడి మాత్రలు, మొదట్లో రోజూ సూదిమందు. తిమ్మిరి పెరిగినా, మూత్రం ఆగిపోయినా వెంటనే రావాలని, అప్పుడు ఆపరేషన్ తప్పదని చెప్పారు.

ఇక నా ధ్యాసంతా కాళ్ళ మీదే. స్నానానికి కూర్చుంటే వేడినీళ్ళు ముందు కుడి పాదం మీద, తర్వాత ఎడమ పాదం మీద పోసుకునేవాణ్ణి. రెండూ ఒకేలా తెలిశాయని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి.

ఒక ఉదయం వీధిలోంచి వస్తూంటే నా భార్య గుమ్మంలోనే ఆపింది. "ఎడమకాలికి సెప్పు లేదేటండీ?"

అది ఎక్కడ జారిపోయిందో నాకు తెలియదు. మట్టిలో ఉత్త కాలితో నడిచి వచ్చానన్న సంగతీ తెలియదు.

ఆ పూటే మళ్ళీ వెళ్ళాం. డాక్టరు పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమని, ఎడమ అరికాలి మీద గీశారు.

"తెలుస్తోందా?"

తెలుస్తోందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. బావమరిది ఈసారి నా చెయ్యి పట్టుకున్నాడు.

"తెలియడం లేదండీ" అన్నాను.

ఇంకాస్త గట్టిగా గీశారు కాబోలు, బల్ల కదిలింది. నేను కళ్ళు తెరవకుండా ఆ కాలి నుంచి కబురు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయాను.