ఆ మాటలు తెలుగువే

నా దగ్గర ఒక పాట ఉంది. అది నాది కాదు. నాదని ఒకసారి నోరు జారాను, జారాక వెనక్కి ఇచ్చేయడం చేతకాలేదు. హైస్కూల్లో ఎత్తుకున్న ఈ బరువు ఉద్యోగంలో చేరినా దిగలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మొహంలోకి చూస్తూ చెప్పే ధైర్యమే ఉంటే, చెప్పాల్సిన మనిషికే ఎప్పుడో చెప్పి ఉండేదాన్ని.

ఇన్నేళ్లూ ఊరుకుని ఇప్పుడెందుకు? నేను సన్నీవేల్‌లో ఆఫీస్‌కి కంపెనీ షటిల్‌లో వెళ్తాను. పక్క సీట్లో కూర్చునే ఫిలిప్పీన్స్ అమ్మాయి ఈమధ్య ఫోన్‌లో ర్యాప్ బ్యాటిల్స్ చూస్తోంది. మనీలాలో ఇద్దరు కుర్రాళ్లు ఎదురెదురుగా నిలబడి, వాళ్ల తగాలోగ్ భాషలో ఒకరినొకరు ఉతికి ఆరేస్తుంటే చుట్టూ జనం ఊగిపోతుంటారు. అక్కడ సినిమా హీరోలకున్నంత పేరట వాళ్లకి. వింటావా అంటూ ఒక ఇయర్‌ఫోన్ నాకివ్వబోయింది. తలనొప్పిగా ఉందన్నాను. మర్నాటి నుంచి వేరే సీటు వెతుక్కుంటున్నాను. ఇలా ఎన్నాళ్లు సీట్లు మారతాను?

గుంటూరులో ఏడో తరగతి పూర్తిచేసి, అమ్మానాన్నలతో కాలిఫోర్నియాలో యూనియన్ సిటీకి వచ్చాను. స్కూల్లో ఎటు చూసినా ఫిలిప్పీన్స్ పిల్లలే. నా ఇంగ్లీషు విని నవ్వనిది వాళ్లలో ఒక్కతే, మారిసెల్. వాళ్లమ్మ ముసలివాళ్ల కేర్ హోమ్‌లో పనిచేసేది. వాళ్ల మేనమామ గరాజ్ నిండా పాత క్యాసెట్లు. మనీలాలో ర్యాప్ ఎలా మొదలైందో ఆయన చెబుతుంటే మేమిద్దరం బియ్యం బస్తాల మీద కూర్చుని వినేవాళ్లం.

అక్కడి అమెరికా సైనిక స్థావరాల నుంచి రికార్డులు ఊళ్లోకి వచ్చేవట. ఎనభైల్లో కుర్రాళ్లు వాటిని విని మొదట ఇంగ్లీషులోనే అనుకరించారట. జనం నవ్వారు. తర్వాత తగాలోగ్‌లో జోకులు కట్టి పాడారు. జనం మళ్లీ నవ్వారు, కానీ ఈసారి సంతోషంగా. ఇంకొన్నాళ్లకు దేశం గురించీ పేదరికం గురించీ పాడేసరికి నవ్వడం ఆపి వినడం మొదలుపెట్టారు. మన షేర్ ఆటోల్లాంటి వాళ్ల జీప్నీల్లో పొద్దస్తమానం అవే మోగేవని, స్టీరింగ్ తిప్పుతున్నట్టు చేతులు తిప్పి చూపించేవాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నామో మేం ఎప్పుడూ దాచలేదని కూడా అనేవాడు. ఆ మాట నేను సరిగా వినలేదు. వినుంటే?

మారిసెల్ పాటను కాగితం మీద పెట్టేది కాదు. బస్టాప్‌లో, భోజనాల బల్ల మీద, వేళ్లతో దరువేస్తూ నోటితోనే కట్టేది. ఆ ఏడాది వాళ్లమ్మ మీద ఒకటి కట్టింది. పరాయి ముసలివాళ్లకు రోజూ స్నానాలు చేయిస్తూ, అక్కడ ఊళ్లో సొంత తల్లి మంచం పట్టినా వెళ్లలేని అమ్మ. పల్లవిలో ముఖా, దుఖా, ఆసా అని వచ్చేవి. నాకు సంతోషం ఆగలేదు. అవి మా మాటలే కదా: ముఖం, దుఃఖం, ఆశ. సంస్కృతం ఎప్పుడో సముద్రం దాటి వాళ్లకూ చేరిందని తర్వాత తెలిసింది. మాకు దుఃఖమంటే బాధ అని చెప్పాను. తమకు దుఖా అంటే బీదవాడని తను చెప్పింది. పెద్ద తేడా లేదులే అని నవ్వింది.

ఆ ఉగాదికి మా తెలుగువాళ్ల ఫంక్షన్‌లో నాచేత ఏదో ఒకటి చేయిస్తానని అమ్మ మాటిచ్చేసింది. నాకు కూచిపూడి రాదు. పద్యం ఎత్తుకుంటే మధ్యలో మర్చిపోతాను. గట్టిగా పాడగలిగింది మారిసెల్ పాటొక్కటే. దాన్ని తెలుగులోకి తిప్పాను. పెద్దగా కష్టపడలేదు, ప్రాసలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. దరువు ఆమెది, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఆమెది, పరాయివాళ్లకు స్నానాలు చేయించే తల్లి కూడా ఆమెదే. మా అమ్మ బ్యాంకులో పనిచేసేది.

హాలంతా చప్పట్లు. మైక్ పట్టుకున్న ఆంటీ నన్ను దగ్గరకు లాక్కుంది.

"ఎవరు రాసిచ్చార్రా నీకు?"

"నేనే రాసుకున్నా ఆంటీ."

ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. ముందే అనుకున్నది కాదు. కానీ వచ్చాక బాగుంది, మీ దగ్గర దాచడం ఎందుకు, చాలా బాగుంది. స్కూల్లో ఎవరికీ పట్టని పిల్లను ఆ పూట హాలంతా తలతిప్పి చూసింది. ఒక అంకుల్ ఆ వీడియోను యూట్యూబ్‌లో పెట్టాడు. అమ్మ ఆ లింకును తెలిసినవాళ్లందరికీ పంపింది. మా స్కూల్ మ్యూజిక్ టీచర్‌కి కూడా పంపిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మే నెలలో స్కూల్ షో. మారిసెల్ ఆ పాటే పాడబోతోంది. వాళ్లమ్మ మొట్టమొదటిసారి డ్యూటీ మార్పించుకుని వస్తోంది. తన మీద పాట ఉందని ఆవిడకు తెలీదు. హాల్లో విన్నప్పుడే తెలియాలని కూతురి కోరిక. నెలలుగా దానికోసమే బతికింది మారిసెల్.

షో రోజు మధ్యాహ్నం రిహార్సల్ మధ్యలో, ఈ దరువు ముందే విన్నానంటూ మ్యూజిక్ టీచర్ ఆమెను ఆపాడు. నన్నూ పిలిచి లాప్‌టాప్‌లో అమ్మ పంపిన వీడియో పెట్టాడు. ఉగాది ఫంక్షన్ సంగతి నేను మారిసెల్‌కి చెప్పనేలేదు. ఆమె చివరిదాకా చూసింది. తర్వాత నా వైపు చూసింది, కోపంగా కాదు. నేను ఇప్పుడే నిజం చెప్పేస్తానన్న ధీమాతో.

"ఈ పాటలో ముఖా, దుఖా అని వస్తున్నాయి. అవి మీ భాష మాటలేనా?" అని నన్నడిగాడు టీచర్.

"అవి తెలుగు మాటలే," అన్నాను.

"నీ పాటలో దుఖా అంటే ఏంటి?" అంది మారిసెల్, నెమ్మదిగా.

"బాధ."

"నా పాటలో బీదవాడు," అంది.

టీచర్‌కి ఆ భాషా రాదు, ఈ భాషా రాదు. ముందుగా కనిపించింది నా వీడియో. ఇంకొకరి పాటను నీదని పాడనివ్వలేనని ఆమె పేరు తీసేశాడు. ఆమె తన బ్యాగ్ తీసుకుని బయటికి వెళ్లింది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. నోరు తెరవడానికి షో మొదలయ్యేదాకా సమయం ఉంది. ఆ సమయమంతా ఏం చేశాను? కుర్చీలు సర్దాను.

సాయంత్రం వాళ్లమ్మ కేర్ హోమ్ యూనిఫాంలోనే వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఒక్కో పిల్ల వేదికెక్కినప్పుడల్లా ఫోన్ పైకెత్తేది. తన కూతురు కాదని చూసి దించేది. అన్నీ అయిపోయి లైట్లు వేశాక కూడా లేవలేదు. మారిసెల్ వచ్చి చెవిలో ఏదో చెప్పింది. వెళ్తూ వెళ్తూ ఆవిడ నన్ను చూసి ఎప్పటిలాగే చెయ్యి ఊపింది. కూతురు నా పేరు చెప్పలేదన్నమాట.

ఆ వేసవిలో వాళ్లు నెవాడాకి మారిపోయారు. మారిసెల్ మళ్లీ నాతో మాట్లాడలేదు.

నేనాడింది అబద్ధం కాదు కదా అని చాలా ఏళ్లు వాదించుకున్నాను. అవి తెలుగు మాటలే, ఏ నిఘంటువైనా చూడండి. ర్యాప్ అంటేనే ఒకరి నుంచి ఇంకొకరు అందుకున్నది, నేనూ అందుకున్నాను, తప్పేముంది అని కూడా. కానీ వాళ్ల మేనమామ తరం అందుకున్నప్పుడు ఇచ్చినవాళ్ల పేరు చెప్పింది. నేను చెప్పలేదు. పైగా ఇచ్చినదాన్నే దొంగను చేశాను, అదీ ఒక నిజాన్ని అడ్డం పెట్టుకుని. అబద్ధమే ఆడి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. ఇది కూడా వాదనేనా? ఏమో.

కాలేజీలో ఉండగా ఆ అంకుల్‌ని బతిమాలి వీడియో తీయించేశాను. తప్పు దిద్దుకున్నానని ఆ వారమంతా తేలిగ్గా తిరిగాను. తర్వాత వెలిగింది. మారిసెల్ దాన్ని ఎక్కడా రాసుకోలేదు, స్కూల్లో ఆమెను పాడనివ్వలేదు. ఆమె పాట లోకంలో మిగిలిందంటే నా దొంగ రూపంలోనే మిగిలింది. దాన్నీ తుడిచేశాను.

ఆమె కోసం ఇంటర్నెట్‌లో వెతికాను. దొరికితే ఏమని మొదలుపెట్టాలో తెలీక ఆపేశాను. మీరు నన్ను క్షమించాలని రాయడం లేదు. క్షమించడానికి మీకేం హక్కుంది? ఒక్క విషయం ఎక్కడో ఒకచోట ఉండాలని రాస్తున్నాను. ఆ పాట మారిసెల్ కట్టింది. వాళ్లమ్మ కోసం కట్టింది. నేను రాయలేదు.

రాసేశాను. ఊపిరి ఆడుతోంది. నాకింత తేలిగ్గా ఉండటం న్యాయం కాదని తెలుసు. మారిసెల్ వాళ్లమ్మ ఇంకా ఆ పాట వినలేదు.