నీడలేని గీత

నాగేశ్వరి మేడం బోర్డు మీద ఏ గీత గీసినా, సుద్దముక్కను అడ్డంగా పట్టి దాని చుట్టూ నీడ పులుముతుంది. తెనాలి నుంచి వచ్చి చంపాపేటలో స్థిరపడిన మనిషి. సరూర్‌నగర్ చెరువు మీద వాలే పక్షుల సంఖ్య ఏడాది పొడవునా ఎలా మారుతుందో అంచనా కట్టే ప్రోగ్రాం తనే రాసి, మేడ మీది గదిలో పిల్లలకు నేర్పుతుంది. ఒక్కో రోజు లెక్కకు ఒక్కో చుక్క పెట్టి, ఆ చుక్కల వెంట సైకిల్ బ్రేకు తీగను వంచి, "మరీ బిగిస్తే అబద్ధమాడుతుంది, మరీ వదిలేస్తే ప్రతి చుక్కకూ వణుకుతుంది" అంటుంది. చుక్కలు లేనిచోట నీడ వెడల్పవ్వాలి, ఇంకా రాని రోజులకైతే మరీను. తెలియదని ఒప్పుకోవడమే ఆ నీడ.

తెలంగాణ బంద్‌ల వారం పక్షులను లెక్కపెట్టడానికి చెరువు దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. ఆ పిల్లల్లో ఒకడు, ప్రసన్నకుమార్, ఆ రోజులకు సగటు అంకెలు నింపి ముచ్చటైన గీత తెచ్చాడు. "ఇంత నున్నగా ఉందేమిటి నాయనా, నువ్వు వెళ్లి చూశావా?" అని మేడం ఆ అంకెలు తీసేసింది. కంప్యూటర్‌లో ఆ రోజుల దగ్గర నీడ ఉబ్బింది.

ధర్నాలో అరిచి గొంతు బొంగురుపోయిన మహేందర్, నల్లగొండ పిల్లవాడు, వెనక నుంచి లేచాడు.

"తెలంగాణ ఒస్తే మీరు మీ ఊరికి పోతరా మేడం? జర చెప్పుండ్రి."

ఆమె బోర్డు మీద వరసగా చుక్కలు పెట్టింది. "ఇవి నేనిక్కడున్న ఏళ్లు" అంది. చివరి చుక్క నుంచి బోర్డు అంచుదాకా ఒక్క గీత లాగింది. పిల్లలు నీడ కోసం చూస్తున్నారు. ఆమె సుద్దముక్క డబ్బాలో వేసి, చేతులు దులుపుకుంది.