బహుమతి గుడ్డు

మీ పిల్లలకు గుడ్డు పడుతుందో లేదో ఎన్నడైనా గమనించారా? నేను గమనించలేదు. ప్రతి ఆదివారం చర్చిలో బైబిలు వాక్యం కంఠతా చెప్పిన బిడ్డకు ఉడికించిన గుడ్డు బహుమతిగా ఇస్తున్నాను. ఈ మధ్య గెలిచేది మరియమ్మ కూతురు సుగుణే. గుడ్డు తిన్న కాసేపటికే ఆ పిల్లకు దద్దుర్లు. సైతాను దాడి అనుకొని మూడు వారాలు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించాను.

ఈ రోజు పెదవులు కూడా వాచాయి. మన ఊరొచ్చిన నర్సమ్మ సూది వేసి, మరియమ్మను అడిగింది.

"ఆదివారమే గిట్లయితదా? ఆ రోజు కొత్తగా ఏం తింటది?"

మరియమ్మ నా వైపు చూసింది. "అయ్యగారిచ్చే గుడ్డే, నర్సమ్మా."

"ఇగ గుడ్డు బంద్. గుడ్డు కలిసిన కేకు గిట్ట కూడా పెట్టొద్దు. ఊపిరాడకుంటే జల్దీ దవాఖానాకు తీస్కపోండ్రి. అయ్యగారూ, ప్రార్థన చేస్కోండ్రి, గుడ్డు మాత్రం ఇయ్యకుండ్రి!"

అందరూ నవ్వారు. నా ప్రసంగానికి రాని వాళ్ళు కూడా ఆమె చుట్టూ మూగారు. నాకు ఒళ్ళు మండింది. మోకాళ్ళ మీద ఉన్నది నేను, పేరు ఆమెకా? ఇంటికొచ్చి బైబిలు తెరిస్తే అసూయ గురించిన పేజీయే వచ్చింది, మూసేశాను. నా చోట మీరుంటే మండదా, చెప్పండి!

రేపు సంఘవిందులో గుడ్ల కూర ఉంది. ఎవరి బిడ్డకు పడదో ఈ సాయంత్రమే వచ్చి చెప్పండి. ముందు నాకు, తర్వాతే ఆ నర్సమ్మకు!