వేదిక కింద కూర్చున్న గాయని

నా చిన్నప్పుడు కెనడాలోని వాటర్లూలో మా ఇంటి బేస్‌మెంట్ ఒక్క నెల కూడా ఖాళీగా ఉండేది కాదు. చదువుల కోసం మనవాళ్ళు తండోపతండాలుగా దిగుతున్న కాలం అది. బస్సెక్కితే ఏదో ఒక సీట్లోంచి తెలుగు వినిపించాల్సిందే. అలా వచ్చి మా బేస్‌మెంట్‌లో చేరిన వాళ్ళలో వరంగల్ అక్క ఒకరు. పగలు కాలేజీ, సాయంత్రం కాఫీ షాపులో ఉద్యోగం. ఆ రెండింటి మధ్య దొరికిన కాస్త తీరికలో నాకు పాట నేర్పేది. అది వాళ్ళమ్మ పాడే జోలపాట.

అప్పటికి పాటంటే నాకు హడలు. అంతకు ముందు ఉగాది ప్రోగ్రాంలో పాట మధ్యలో మర్చిపోయి, మైకు ముందు కొయ్యబారి నిలబడి, చివరికి ఏడుస్తూ స్టేజి దిగి పారిపోయాను. పిల్లలు నవ్వారు. పెద్దవాళ్ళు జాలిపడ్డారు, అది ఇంకా ఘోరం. ఆ తర్వాత ఇంట్లో కూడా గొంతు విప్పలేదు. అక్క బతిమాలగా బతిమాలగా ఈసారి ఉగాదికి పాడతానని ఒప్పుకున్నాను గానీ, మళ్ళీ ఆగిపోతే ఇక జన్మలో పాడనని ఒట్టు పెట్టుకున్నాను. చిన్నపిల్ల ఒట్టే కదా అని నవ్వకండి. నా మొండితనం నాకు తెలుసు, నిలబెట్టుకునేదాన్నే.

మా ఇంటికీ పక్కింటికీ గోడ ఒకటే. గోడకు అటువైపు ఒక జర్మన్ బామ్మగారు ఒంటరిగా ఉండేవారు. ఆవిడ మాట్లాడితే గాలి తప్ప గొంతు వచ్చేది కాదు. నేను పాట ఎత్తుకోగానే అవతల రేడియో ఠక్కున ఆగిపోయేది. మా పాట ఆవిడకు చిరాకు తెప్పిస్తోందని మేమే తీర్మానించుకున్నాం. కంప్లైంట్ చేస్తారేమోనని అమ్మకు దిగులు పట్టుకుంది. బాగా మంచు కురిసిన ఒక శనివారం అక్క నన్ను వెంటేసుకుని వెళ్ళి ఆవిడ వాకిలంతా పారతో శుభ్రం చేసింది. నోటితో చెప్పలేని సారీని మంచు తీసి చెప్పడమన్నమాట. ఆవిడ తలుపు తీసి మమ్మల్ని లోపలికి పిలిచారు. తిట్లు తినడానికేననుకుంటూ బూట్లకున్న మంచు దులుపుకుని వెళ్ళాం.

ముందు గదిలో గోడ మీద ఒక పెద్ద ఫొటో ఉంది. తల మీద కిరీటం, నేలను ఊడ్చే గౌను, బారుగా చాచిన చేతులు. అది తనేనని ఆవిడ చెప్పగానే నా నోరు తెరుచుకుపోయింది. ఆవిడ ఆపెరా గాయని. ఆపెరా అంటే కథంతా పాటలోనే నడిచే నాటకం. మైకు ఉండదు. పెద్ద వాద్యబృందాన్ని దాటుకుని గొంతు చివరి వరుస దాకా వెళ్ళాలి. ఆడగొంతుల్లో అన్నిటికన్నా పైస్థాయిలో పాడే గొంతు ఆవిడది, సొప్రానో. రొట్టెలు కాల్చి అమ్మే వాళ్ళింట్లో పుట్టి, చర్చిలో పాడుతూ పెరిగారట. యుద్ధంలో ఊళ్ళోని నాటకశాల కాలిపోతే, ఇంకా చిన్నపిల్లగా ఉండగానే బడి గదిలో పాడారట. చలికి వణికే శ్రోతలు పొయ్యిలోకి తలా కాస్త బొగ్గు తెచ్చుకుని వచ్చేవారట. ఆ తర్వాత పెద్ద నగరం, పెద్ద వేదిక, ముఖ్య పాత్రలు. అంత వైభవంలో ఉండగా మెడకు ఒక ఆపరేషన్ జరిగింది. ప్రాణం దక్కింది గానీ గొంతు పోయింది.

అక్కడికే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆవిడ ఆ తర్వాత చెప్పింది విని ఏడవడం కూడా మర్చిపోయాను. తను పాడిన ఆ పెద్ద నగరం నాటకశాలలోనే వేదిక ముందు అంచున నేలలోకి దించిన పెట్టెలాంటి చిన్న అర ఒకటి ఉండేదట. అందులో కూర్చుని, పాడేవాళ్ళకు ప్రతి చరణం మొదటి మాటను కాస్త ముందుగా అందించే పని ఒకటి ఉంటుందట. ఆవిడ ఆ పనికి చేరారు. తన పాత్రలు, తన గౌన్లు ఇంకో అమ్మాయికి వెళ్ళిపోతే, ఆ అమ్మాయి కాళ్ళ దగ్గర కూర్చుని, పెదవులు కదిపి మాటలందించారు.

మొదటి ప్రదర్శనలోనే ఆ అమ్మాయి మాట మర్చిపోయి ఆవిడ వైపు చూసిందట.

"ఒక్క క్షణం నోరు మూసుకుందామనిపించింది" అన్నారు ఆవిడ, ఏ దాపరికం లేకుండా.

పెద్దవాళ్ళకు అలాంటి బుద్ధి పుడుతుందనీ, పుట్టినా పైకి చెబుతారనీ నేను ఊహించనైనా లేదు.

"మరి చెప్పారా?" అన్నాను.

"చెప్పాను. పాట ఆగిపోతుంటే చూడలేకపోయాను."

ఆ రోజు నుంచి అక్క కాఫీ షాపు నుంచి వచ్చి బామ్మగారింటికి వెళ్ళడం మొదలుపెట్టింది. నన్ను రానిచ్చేది కాదు. నా అక్కను ఆవిడ లాగేసుకున్నారని నాకు ఒళ్ళు మండిపోయేది.

ఉగాది రానే వచ్చింది. ప్రోగ్రాం ఒక స్కూల్ ఆడిటోరియంలో. తెర పక్కన నేను అక్క చున్నీ పట్టుకుని వదల్లేదు. "గట్ల భయపడితే ఎట్లనే? స్టేజి ఎక్కినంక ముందు వరుస దిక్కు చూడు, అంతే" అని అక్క నన్ను ముందుకు తోసింది.

పల్లవి బాగానే పాడాను. మొదటి చరణమూ గట్టెక్కింది. రెండో చరణం దగ్గర బుర్ర ఖాళీ అయిపోయింది. మళ్ళీ అదే మైకు, అదే నిశ్శబ్దం. ఎక్కడో ఎవరో కిసుక్కుమన్నారు. పారిపోవడానికి కాలు కదిలింది కూడా. అప్పుడు ముందు వరుస వైపు చూశాను. అక్కడ ఆకుపచ్చ కోటులో బామ్మగారు, కళ్ళు నా మీదే పెట్టి ఉన్నారు. ఆవిడ పెదవులు కదిలాయి.

వెన్నెలమ్మా.

తెలుగు ముక్క రాని మనిషి! మా అమ్మానాన్నలతో నేనే ఇంగ్లీషులో బదులిచ్చే రోజుల్లో, ఒక జర్మన్ ముసలావిడ నా పాటలోని మాటను నాకు తెలుగులో అందిస్తోంది. ఆశ్చర్యం నుంచి తేరుకునేలోపే గొంతు దానంతటదే చరణంలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నేను తడబడలేదు. అయినా ప్రతి చరణం ముందూ ఆవిడ పెదవులు నాకన్నా ఒక్క రవ్వ ముందుగా కదులుతూనే ఉన్నాయి.

పాట అయ్యాక దిగి పరుగెత్తుకెళ్ళి ఆవిడను వాటేసుకున్నాను. పాటంతా ఎలా నేర్చుకున్నారని అడిగితే తల అడ్డంగా ఊపారు. చరణాల మొదటి మాటలే వచ్చట. అక్క దగ్గర కూర్చుని నేర్చుకున్నది అవే. గోడ పక్కన రేడియో ఆపేసి నా పాట వింటూ సరిచూసుకున్నదీ అవే.

"మిగతాది నీది. అది నేను ముట్టుకోను" అన్నారు, ఆ గాలి గొంతుతోనే.

ఇప్పుడు నేనూ ఆవిడంత ముసలిదాన్నయ్యాను. మనవలు పాడే చోటల్లా ముందు వరుసలో సీటు కోసం కొట్లాడతాను. నాకు రాని భాషలో పాడినా సరే, మొదటి మాటలు ముందే నేర్చుకుని వెళతాను. మాట అందించడం తేలికే. అందించాక నోరు మూసుకోవడమే, నాలాంటి వాగుడుకాయకు, ఈ వయసులో కూడా ప్రాణం మీదికొస్తుంది.

అయినా మూసుకుంటాను.