హానా మామ్మ తమ్ముడి ఫొటో

లైబ్రరీ హాల్లోకి అడుగు పెట్టగానే కొత్త పెయింటు వాసన గుప్పున కొట్టింది. హిట్లర్ మనుషులు యూదుల్ని చంపడం మొదలుపెట్టకముందు ఆ కుటుంబాలవాళ్లు తీసుకున్న ఫొటోలట, అమెరికాలో ఊరూరా తిప్పుతూ మా సన్నీవేల్‌కి కూడా తెచ్చారు. ఏడుపు మొహాలు చూడాలేమోనని భయపడుతూ వెళ్లాను గానీ, గోడల నిండా నవ్వులే. ఏట్లో కాళ్లు పెట్టుకుని కూర్చున్న ఆడపిల్లలు, పుచ్చకాయ ముక్క పట్టుకున్న తాతగారు, కోటు బిగుతై ఇబ్బంది పడుతున్న పెళ్లికొడుకు. చివరి గోడ దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. మంచు మీద జారే చెక్కబండి ఎక్కి, ముందుపళ్లు లేని నోటితో నవ్వుతున్న పిల్లాడు. హానా మామ్మ తమ్ముడు.

నా చిన్నప్పుడు హానా మామ్మ మా అపార్ట్‌మెంట్ కిందింట్లో ఒక్కతే ఉండేది. అమ్మా నాన్నా పనులకు పోయేవాళ్లు కాబట్టి స్కూల్ బస్సు దిగితే నాకు అదే ఇల్లు. ఎండాకాలమంతా ఆ ఇంట్లో, వెనక చెట్లకి కాసిన ఆప్రికాట్ పళ్లు పంచదారతో ఉడికే వాసన, చలికాలం ఉల్లిపాయలు వేగే వాసన, శుక్రవారం సాయంత్రం యూదుల పద్ధతిలో కొవ్వొత్తులు వెలిగించి మామ్మ చేతులతో కళ్లు మూసుకుంటే నేనూ పక్కన నిలబడి మూసుకుని, వేళ్ల సందుల్లోంచి జడలా అల్లిన బ్రెడ్డు వంక చూస్తూ ఉండేదాన్ని. పేకాటలో మామ్మ మహా తొండి చేసేది. పట్టుకుంటే చెవులు వినపడనట్టు నటించేది.

టీవీ పైన రెండు ఫొటోలుండేవి. ఒకటి వాళ్ల అమ్మానాన్నలది, ఒకటి ఈ పిల్లాడిది. యుద్ధానికి ముందే అమెరికా వచ్చేసిన బాబాయి దగ్గర ఉండబట్టి మిగిలాయట. వాడు నవ్వట్లేదని వాళ్ల నాన్న కెమెరా వెనక మేకలా అరిచాడని చెబుతూ మామ్మ కూడా అరిచి చూపించేది, కట్టుడుపళ్లు జారిపోయేవి, ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం.

ఒక దీపావళికి, మామ్మకి మోకాళ్ల నొప్పులని అమ్మ ఆ ఇల్లు కూడా దులిపింది. ఫొటోలు తుడిచి, మా ఇంట్లో తాతయ్య ఫొటోకి పెట్టినట్టే కుంకుమ బొట్లు పెట్టి, మా బాల్కనీ బంతిపూలు గుచ్చి రెండింటికీ దండలు వేసింది. మామ్మ మురిసిపోయి, ఎంత బాగున్నాయో, ఎందుకు వేస్తారని అడిగింది. అమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రం, నా వంక చూసింది. చనిపోయినవాళ్లకి వేస్తామని నేనే చెప్పాను.

మామ్మ ఫొటోల దగ్గరికి వెళ్లింది. అమ్మానాన్నల దండ అలాగే ఉంచింది. తమ్ముడిది మెల్లగా తీసి నా చేతిలో పెట్టి, బొట్టు తన చేతిగుడ్డతో తుడిచింది.

"మా అమ్మానాన్నలు చనిపోవడం చూసినవాళ్లు చెప్పారు. వీణ్ణి ఎవరూ చూడలేదు," అంది.

"ఏమంటోందే?" అని అమ్మ అడిగింది. చెప్పగానే రెండు చేతులతో లెంపలు వేసుకుంది. ఆ తర్వాత ప్రతి దీపావళికీ కిందికి ఒక్కటే దండ వెళ్లేది. పిల్లాడి ముందు మాత్రం ప్లేట్లో సున్నుండ పెట్టేది అమ్మ. సాయంత్రానికి అది నా పొట్టలోకి చేరేదనుకోండి.

నేను మిడిల్ స్కూల్‌లో ఉండగా మామ్మకి ఒంట్లో బాగా పాడైంది. ముక్కుకి ఆక్సిజన్ ట్యూబు. దీపావళి ముందు అమ్మని పిలిపించి ఈసారి రెండు దండలు కట్టమంది. ఎందుకని నేనే అడిగాను.

"నేను పోతే వీడి కోసం ఎదురుచూసేవాళ్లు ఉండరు. అలా వదిలేసి పోలేను," అంది.

అమ్మ రెండో దండ కూడా కట్టింది గానీ, పిల్లాడి ఫొటోకి వెయ్యడానికి చెయ్యి లేవలేదు. మామ్మే కుర్చీ పట్టుకుని లేచి, ట్యూబు లాగుతుంటే సర్దుకుంటూ, తన చేత్తో వేసింది. మళ్లీ ఆప్రికాట్లు వచ్చేసరికి తను లేదు.

ఇప్పుడు ఆ అపార్ట్‌మెంట్లు లేవు, వెనకున్న ఆప్రికాట్ చెట్లూ లేవు. అక్కడ అద్దాల ఆఫీసు, దాని ముందు షటిల్ బస్సులు. ఈ గోడ మీది ఫొటో మామ్మ దూరపు చుట్టాలెవరో ఇచ్చి ఉంటారు. కింద పిల్లాడి పేరు, ఊరు పేరు రాసి, తర్వాత ఏమయ్యాడో తెలియదని రాశారు. దండం పెట్టబోయిన చేతులు అది చదవగానే ఆగిపోయాయి. ఫ్రీమాంట్‌లో ఉన్న అమ్మకి వీడియో కాల్ చేసి ఫొటో చూపించి, దండం పెట్టనా వద్దా అని అడిగాను. కింద రాసింది నాచేత చదివించుకుంది అమ్మ.

"తెలీదన్నారుగా, పెట్టకు," అంది. "ఆవిడ వాడి అక్క కాబట్టి దండ వేసింది. పోయాడనడానికి మనమెవరమే?"