సీమకోడికి డ్రెస్సింగ్

2002లో నేను జెద్దాలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డైటీషియన్ని. రోగుల పథ్యం చూడటం నా ఉద్యోగం. కానీ వంటగదిలో ఏ గొడవ వచ్చినా తీర్పుకి నా బల్ల దగ్గరికే వచ్చేది. నాకు నోరుందని అందరికీ తెలుసు.

ఆ ఏడు రంజాన్ నవంబరులో పడింది. అమెరికా వాళ్ల థాంక్స్‌గివింగ్, అంటే ఇంటిల్లిపాదీ కూర్చుని సీమకోడిని, అదే టర్కీని, కోడి పళంగా రోస్ట్ చేసుకుని తినే పండగ, సరిగ్గా ఉపవాసాల మధ్యకి వచ్చింది. మా నర్సింగ్ సూపర్‌వైజర్ నాన్సీ అమెరికావిడ. తన నర్సులకీ, ఉపవాసమున్న డాక్టర్లకీ కలిపి ఆ సాయంత్రం ఇఫ్తార్ విందు ఇస్తానంది. మొత్తం పాతికమంది. పొద్దుట్నుంచీ మంచినీళ్లు కూడా ముట్టని వాళ్లని, కోడి ఇంకా ఉడకలేదు కాస్త ఆగండి అనలేం.

ముందు సైజు దగ్గర గొడవైంది. నాన్సీకి పన్నెండు కిలోల కోడి ఒక్కటే కావాలి. బల్ల మధ్య పెద్దది ఉంటేనే పండగట. ఎముకతో కలిపి మనిషికి అరకిలో చొప్పున ఆ బరువు సరే. కానీ ఆ బరువంతా ఒక్క కోడే మోయాలని ఎక్కడుంది? అంత పెద్దదానికి థాయింగ్, అంటే ఫ్రీజర్లోంచి తీసి చిల్లర్లో మెల్లగా గడ్డ విడిపించడం, మూడు రోజులైనా చాలదు. ఓవెన్లో తొడ లోపలిదాకా ఉడికేసరికి రొమ్ము మాంసం ఎండి పీచవుతుంది. "ఫొటోకైతే పెద్దది తెప్పించండి. తినడానికైతే ఆరేసి కిలోలవి రెండు" అన్నాను. మూతి ముడుచుకునే ఒప్పుకుంది.

వండాల్సింది యూసుఫ్. కరీంనగర్లో చికెన్ సెంటర్లో పనిచేసి, ఇక్కడికొచ్చి వంట నేర్చినవాడు. చేసేది వంటే అయినా అతని ఇకామాలో, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్లో, వృత్తి 'ఆమిల్' అని ఉంది. కూలీ అన్నమాట. ఆమిల్‌ని ఏ పనికైనా తోలొచ్చు. ఎక్కడో ఉత్తరాన ఉన్న తబూక్ బ్రాంచిలో లాండ్రీకి మనుషులు కావాలని అతని పేరు అప్పటికే రాసేశారు. నేను అడ్మినిస్ట్రేటర్ దగ్గరికెళ్లి పోట్లాడాను. ఆయన ఈజిప్టు మనిషి, భోజనప్రియుడు. విందులో తిని చూస్తానన్నాడు. బాగుంటే ఇకామాలో వంటవాడని మార్పించడానికి సంతకం, లేకపోతే తబూక్.

విందు రోజు మధ్యాహ్నం వంటగదిలోకి వెళ్లేసరికి ట్రేలో ఒక సీమకోడి గులాబీ రంగులో, ఒంటిమీద తోలన్నది లేకుండా పడుంది. యూసుఫ్ రెండోదాని మీద కత్తి పెట్టబోతున్నాడు.

"ఆగు. దీని తోలేది?"

"తీసిన మేడమ్. నాన్సీ మేడమే చెప్పింది గదా, టర్కీ విత్ డ్రెస్సింగ్ అని. ఒకదానికి డ్రెస్సింగ్ అయింది, ఇంకోదానికి చేస్తున్న."

నాకు వెలగడానికి ఒక క్షణం పట్టింది. మన చికెన్ సెంటర్లో డ్రెస్సింగ్ అంటే ఈకలూ తోలూ తీసి శుభ్రం చేయడం. నాన్సీ ఊళ్లో డ్రెస్సింగ్ అంటే రొట్టెముక్కలు, ఉల్లిపాయ, సెలెరీ వెన్నలో కలిపి కోడితో వడ్డించేది. ఆవిడ వరండాలో నిలబడి ఒక ముక్క అనేసి పోయింది, ఇతను తనకి తెలిసిన పని శ్రద్ధగా చేశాడు.

"తోలుంటేనే లోపలి మాంసం ఎండకుండా ఉంటుంది" అన్నాను.

"తోలుతోని ఎవరన్న తింటరా మేడమ్? మా దగ్గర కుక్కలకేస్తం."

"ఇక్కడ తోలు కుక్కలకేస్తే నిన్ను లాండ్రీకేస్తారు."

అతను కత్తి కింద పెట్టాడు. "తబూక్‌ల చలి బాగుంటదట గదా మేడమ్" అన్నాడు. నవ్వులాటకి అన్నాడు గానీ మొహం నవ్వలేదు.

కొత్తది తెప్పిస్తే గడ్డ విడిచేసరికి పండగ దాటిపోతుంది. తీసిన తోలు చెత్తలో కలిసిపోయింది. నేను ఉన్నదేమో ఆసుపత్రిలో. తోలు ఊడినచోట ఇక్కడేం చేస్తారు? కట్టు కడతారు, దాన్నీ డ్రెస్సింగే అంటారు. స్టోర్‌కెళ్లి మందు పూయని స్టెరైల్ గాజ్, అంటే గాయాలకి కట్టే పల్చటి గళ్ల గుడ్డ, అడిగాను. ఏ వార్డుకని అడిగాడు స్టోర్ కీపర్. వంటగదికి, కేసు సీరియస్ అన్నాను. ఆ గుడ్డ మడతలేసి, కరిగిన వెన్నలో ముంచి, కోడికి మెడ నుంచి కాళ్లదాకా చుట్టాం. అది ఆరుతున్నప్పుడల్లా యూసుఫ్ మళ్లీ వెన్న పోశాడు. అతనికి ఉపవాసం కాబట్టి గ్రేవీలో ఉప్పు నేను చూశాను, నాన్సీ అడిగిన డ్రెస్సింగ్ కూడా నేనే కలిపి వేరే ట్రేలో పెట్టాను.

కోర్ టెంపరేచర్, అంటే తొడలో మందంగా ఉన్నచోట, ఎముకకి తగలకుండా థర్మామీటర్ గుచ్చి చూసే వేడి, డెబ్బైనాలుగు డిగ్రీలు దాటాకే రెండూ బయటికి తీశాం. అరగంట కదపకుండా ఉంచాం. దాన్ని రెస్టింగ్ అంటారు, రసం మాంసంలోనే సర్దుకుంటుంది. ఆరు కిలోలవి కాబట్టి వేళకి అయ్యాయి. పన్నెండు కిలోలదైతే ఉపవాసం విడిచే అజాన్ వినిపించేసరికి ఇంకా ఓవెన్లోనే ఉండేది, పైగా తోలు లేకుండా.

ఖర్జూరం, సూపు అయ్యాక కోళ్లు బల్ల మీదికొచ్చాయి. ఒకటి బంగారు రంగులో నిగనిగలాడుతోంది. రెండోదాని మీద అల్లిక పనిలా సన్నటి గళ్లు పడ్డాయి. నాన్సీ వంగి చూసి ఇదేం డిజైనని అడిగింది. "మీరడిగిన డ్రెస్సింగే. ఇప్పుడే విప్పాం" అన్నాను. సంగతంతా చెబితే నర్సుల బల్లంతా పగలబడి నవ్వింది.

అడ్మినిస్ట్రేటర్ నవ్వలేదు, తింటున్నాడు. గళ్లకోడి ముక్క రెండోసారి వడ్డించుకుని, ఎవరు వండారన్నాడు.

"ఆమిల్ వండాడు. మీ ఇకామాల ప్రకారం ఈ వంటగదిలో వంటవాడే లేడు" అన్నాను.

సంతకం పడింది. కొత్త ఇకామాలో 'తబ్బాఖ్', అంటే వంటవాడు, అని ఉన్న చోటు యూసుఫ్ వేలుపెట్టి చూపించాడు.

సైజు ఎంచుకోవాల్సింది బల్లని చూసి కాదు, ఓవెన్నీ టైమునీ చూసి అని నాకు ముందే తెలుసు. ఆ విందులో తెలిసింది వేరు. ఒకే ఆసుపత్రిలో ఒకే మాటకి మూడు పనులుంటాయి, తెలిసిన మాట వినబడగానే ఎవరూ ఆగి అడగరు.

యూసుఫ్ మాత్రం అడగడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకి ఒక డాక్టరు సలాడ్ చెప్పి, డ్రెస్సింగ్ విడిగా పంపమన్నాడట. యూసుఫ్ ఒక చేతిలో కీరకాయ, ఇంకో చేతిలో కత్తితో వచ్చి నా గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడమ్, గిది ఏ డ్రెస్సింగ్?"