ఎడమకు తిరిగే కాంటా

అక్షరం ముక్క రాని రోజుల్లో కూడా నేను ఎటు వెళ్ళినా బైబిలు వెంట తీసుకెళ్ళి, ఒళ్ళో తెరిచి పెట్టుకునేదాన్ని. భివండిలో మా చర్చి ఆడవాళ్ళలో చాలామందిమి అంతే. ఒకసారి ఠాణా బస్సులో పక్క సీటు పెద్దాయన అది చూసి, ఒక ఉత్తరం నా చేతిలో పెట్టాడు.

ఆయన రైల్వేలో కాంటా పని, అంటే రైలును ఒక పట్టా మీంచి ఇంకో పట్టా మీదికి మళ్ళించే పని చేసి రిటైరయ్యాడట. ఊళ్ళో మంచాన పడ్డ తమ్ముడు చెక్క మీద బొమ్మ రైలుకు పట్టాలు పరుస్తూ, బొంబాయి నుంచి ఒక చిన్న కాంటా తెమ్మని రాశాడట.

“కళ్లజోడు పలిగింది బిడ్డా. ఎడమకు తిరిగేదా, కుడికి తిరిగేదా, జర చదివి చెప్పు. తప్పుది కొనుకపోతె వాని రైలు గోడకు గుద్దుతది,” అని నవ్వాడు.

చదువు రాదని చెప్పడానికి నోరు రాలేదు. వరుసల మీద వేలు జరిపి, “కుడికే తాతా,” అన్నాను.

ఆయన తల ఊపి, అదే ఉత్తరాన్ని వెనక సీటులో ఉన్న, సాంచాల మీద బట్ట నేసే పనివాడికి అందించాడు. “నాది కాంటా నౌకరీ. ఏదైనా రెండుసార్లు అడుగుడు అలవాటు.”

అతను పైకే చదివాడు. “ఎడమకు తిరిగేదే తే అన్నా, కుడిది నా దగ్గర ఉన్నది.”

నేను తల ఎత్తలేకపోయాను.

“మరి అక్కేమన్నది?” అని అతను అడిగాడు.

పెద్దాయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుంటూ, “గదే అన్నది,” అన్నాడు.

నలభై దాటాక పలక పట్టాను. ఇప్పుడెందుకని అడిగిన ఎవరికీ ఈ సంగతి చెప్పలేదు.